ఆరు అవుట్‌డోర్లూ, మా ఒక్క కిటికీ

నేను ఏసీ మెకానిక్‌ని. వానలు పడాలని ఊరంతా మొక్కుకుంటుంటే ఎండలు ముదరాలని మొక్కుకున్న పాపిష్టివాణ్ణి. పైకి అననుగానీ, పదేళ్ళుగా నా మనసులో ఉన్న కోరిక అదే. మార్చి నెలాఖరులో మబ్బు పట్టిందంటే నాకు దిగులు. ఏప్రిల్లో రోడ్డు మీద తారు కరిగి చెప్పులకి అంటుకుందంటే ప్రాణం లేచొచ్చేది. దేవుడు మా వీధిలో మిగతావాళ్ళ మాట వింటున్నాడో లేదో తెలియదుగానీ, నా మాట మాత్రం ఏడాదికేడాది బాగానే వింటూ వచ్చాడు.

మాది నరసరావుపేట. దూదేకుల ఇల్లు. నమాజు తప్ప మిగతా బతుకంతా తెలుగులోనే, తిట్లతో సహా. మా తాత ఊరూరా తిరిగి దూది ఏకి పరుపులు కుట్టాడు. నాయన కాలానికి ఫోము పరుపులొచ్చి ఆ పని కాస్తా పోయింది. నేను ఐటీఐలో చేరి, ఫ్రిజ్జుల దగ్గర మొదలుపెట్టి, ఏసీల దగ్గర తేలాను. నాయన పోయాక ఇంట్లో మిగిలింది అమ్మా నేనూ. చెల్లెల్ని ఈపూరులో ఇచ్చాం.

పల్నాడు వాళ్ళకి ఎండంటే తిట్టుకుంటూనే ఓ గర్వం. రెంటచింతల వాళ్ళయితే మరీను. సూర్యుణ్ణి వాళ్ళ తాతలు రిజిస్ట్రీ చేయించుకున్నట్టు మాట్లాడతారు. ఓసారి మే నెలలో అక్కడ బస్సు దిగి టీకొట్టు ముందు నిలబడితే, కొట్టాయన ఫోన్లో ఉష్ణోగ్రత చూసి, "మాచర్లలో మనకన్నా ఒకటి తక్కువంట" అని, కొడుక్కి ఫస్టు మార్కొచ్చినట్టు అక్కడున్న వాళ్ళందరికీ చూపించాడు. ఆయన ఒంటి మీద చొక్కా లేదు. తల మీద తడి తువ్వాలు. ఆ ఊళ్ళోనే చర్చి ఫాదరుగారి గదికి ఏసీ బిగిస్తుంటే ఆయన అన్నారు కదా, "ఇక్కడ నరకం గురించి ప్రసంగం చెప్పటం చానా తేలికయ్యా. కిటికీ తీసి చూపిత్తే సరిపోద్ది." ఇద్దరం కడుపుబ్బ నవ్వుకున్నాం. ఆ కిటికీ బయట నేను అప్పుడే బిగించిన ఏసీ బయటి పెట్టె, అదే అవుట్‌డోర్ కూడా ఆ నరకంలోకి తన వంతు ఊదుతోందని ఇద్దరికీ తట్టలేదు.

తెలియనివాళ్ళ కోసం ఒక ముక్క చెప్తాను. ఏసీ చల్లదనాన్ని తయారుచేయదు. అంత మహిమ దానికి లేదు. గదిలో ఉన్న వేడిని ఎత్తి బయట పారేస్తుంది. ఆ ఎత్తిపోతకి తాను తిన్న కరెంటు తాలూకు వేడిని కూడా కలిపి పారేస్తుంది. మన ఇల్లు ఊడ్చి చెత్త ఎదురింటి గుమ్మంలో పోసినట్టన్నమాట. ఆ కరెంటేమో ఎక్కడో బొగ్గు తగలేస్తే వచ్చింది, ఆ పొగ ఇంకెవరి నెత్తినో. ఇదంతా ఐటీఐ మొదటి ఏడాదిలోనే చెప్పారు. పరీక్షలో రాశాను, పాసయ్యాను, మర్చిపోయాను. పరీక్షలో రాసినదాన్ని నిజమనుకునే అలవాటు నాకు ఎప్పుడూ లేదు.

మూడేళ్ళ కింద మా ఎదుటి స్థలంలో ఒక మిర్చి వ్యాపారి మూడంతస్తుల మేడ లేపాడు. మా వీధి ఎంత వెడల్పంటే, ఆటో వస్తే మనిషి గోడకి అతుక్కోవాలి. అటు తూర్పు ముఖాన మేడ, ఇటు పడమటి ముఖాన మా రేకుల ఇల్లు. వ్యాపారిని నేను బాబాయ్ అంటాను, ఆయన నన్ను అబ్బాయ్ అంటాడు. అంతస్తుకి రెండు చొప్పున ఆరు ఏసీలు. ఆరూ బిగించే పని నాకే ఇచ్చాడు. నా నెత్తిన పాలు పోసినట్టయింది.

అవుట్‌డోర్లు మేడ వెనక గోడకి పెడదామనుకున్నాను. వెనక బోలెడు ఖాళీ, గాలి బాగా ఆడుతుంది. నిచ్చెన కూడా వేశాను. అప్పుడు దిగాడు వాస్తు సిద్ధాంతి. మా వైపు ఇల్లు కట్టేవాడికి ఇంజినీరు లేకపోయినా గడుస్తుందిగానీ సిద్ధాంతి లేకపోతే ఇటుక లేవదు. ఆయన నా నిచ్చెన వంకా, పెట్టె వంకా చూసి, "ఇదేం వదుల్తుందయ్యా?" అన్నాడు.

"వేడిగాలండీ."

"వేడంటే అగ్ని. అగ్నిని తీసుకొచ్చి పడమటి గోడకి పెడతావా? ఇంటాయన్ని వీధిన పడేద్దామనా? అగ్నికి స్థానం ఆగ్నేయం. వంట పొయ్యి ఏ మూలో, ఇదీ ఆ మూలే."

ఆగ్నేయం మూలంటే మేడకి వీధివైపు, దక్షిణపు కొస. అంటే సరిగ్గా మా ముందుగది కిటికీకి ఎదురుగా.

ఎప్పటి శాస్త్రమో ఏమో, అందులో అవుట్‌డోర్ యూనిట్‌కి కూడా చోటు దొరికిందని నేనే ముచ్చటపడ్డాను. ఎదురు చెప్పలేదు. చెప్పి పని పోగొట్టుకునేంత వెర్రివాణ్ణి కాను. గోడకి స్టాండ్లు కొట్టి, రెండేసి చొప్పున మూడు వరసలు, ఒకదాని మీద ఒకటి బిగించాను. ఆరు ఫ్యాన్లు, ఆరూ మా ఇంటివైపే మూతులు తిప్పుకుని. రాగి గొట్టం ఎంత పడుతుందో టేపు పెట్టి అంగుళం తేడా లేకుండా కొలిచిన వాణ్ణి, ఆ ఫ్యానుకీ మా కిటికీకీ మధ్య దూరం కొలవాలనుకోలేదు. పని అయ్యాక అమ్మ అరుగు మీదికి వచ్చి చూసి, "చానా బాగుందిరా, గోడకి గూళ్ళు పెట్టినట్టు" అంది. నేనూ వెనక్కి నాలుగడుగులు వేసి మురిసిపోయి, ఫోటో తీసి ఫోన్లో స్టేటస్ పెట్టుకున్నాను.

తర్వాత రెండు వేసవులు ముందుగదిలో నా సామాన్లే ఉండేవి. మేం వెనక పడుకునేవాళ్ళం. సాయంత్రాలు అరుగు మీద కూర్చోలేకపోతే ఎండలు ముదిరాయనుకున్నాం. వీధి వీధంతా ఎండనే తిట్టింది. ఎండ తిరిగి మాట అనదు కదా, దాన్ని తిట్టడం తేలిక.

ఈ ఏడాది ఏప్రిల్లో చెల్లెలు పురిటికి వచ్చింది. తొలి కాన్పు. ఆడపిల్ల. అరచేతిలో పట్టేంత ఉంది. నన్ను చూసి ఆవలించింది. నేను పుట్టాక నన్ను చూసి ఎవరైనా అంత నిర్లక్ష్యంగా ఆవలించారంటే అదే. అప్పుడే దానికి దాసోహం అయిపోయాను. అమ్మ నా సామాన్లన్నీ వెనక్కి నెట్టించి, కిటికీ ఉందని చెప్పి తల్లీబిడ్డల్ని ముందుగదిలో పెట్టింది.

మా అమ్మ దగ్గర బాలింత అంటే జైల్లో ఖైదీ కన్నా ఒక మెట్టు కింద. చిల్లా నలభై రోజులు గడప దాటకూడదు. తలకి గుడ్డ, చెవుల్లో దూది, పొద్దునా సాయంత్రం సాంబ్రాణి పొగ. గాలి తగిలితే వాతం కమ్ముతుందని ఫ్యాను స్విచ్చి మీద ప్లాస్టరు అంటించింది. ఏసీ సంగతి నేను ఎత్తితే, "నీ ఏసీలు నీ కస్టమర్లకి చెప్పుకో. నా ఇంట్లో ఆ మాటంటే చెప్పు తెగుద్ది" అంది. పగలంతా కిటికీ మూసి ఉంచి, చల్లగాలి వస్తుందని సాయంత్రం ఆరింటికి తెరిచేది. ఎదురింట్లో అందరూ ఇల్లు చేరి ఆరు ఏసీలూ వేసుకునేది కూడా ఆరింటికే.

చెల్లెలు నాలుగో రోజునే చెప్పింది. "అన్నా, కిటికీ తీత్తే పొయ్యి ముందు కూచున్నట్టుందిరా."

"ఏమే, ఈపూరులో ఎండ లేదా ఏంది? అత్తగారింటికి పోయి సుకుమారం నేర్చుకున్నావా?"

"ఈపూరులో ఎండ పైనుంచి వత్తదన్నా. ఇక్కడ పక్కనుంచి వత్తంది."

నేను పగలబడి నవ్వాను. పనికి పోయి ఇద్దరు ముగ్గురికి చెప్పి నవ్వించాను కూడా. ఆ మాటకి ఆ రోజే చెవి ఒగ్గి ఉంటే ఎంత బాగుండేదో. పదేళ్ళ అనుభవం ఉన్న మెకానిక్‌కి తెలియనిది, చెవుల్లో దూది పెట్టుకుని మంచం మీద పడున్న మనిషికి తెలిసింది.

ఇరవయ్యో రోజు నాటికి పాప పాలు తాగడం మానేసింది. ఏడుపు సన్నబడింది. ముందు వీధి చివరికి వినపడేది, ఇప్పుడు మంచం దాటడం లేదు. ఒళ్ళు కాలిపోతోంది, మెడ కింద ఎర్రగా పేలింది. అమ్మ దిష్టి అంది. సాయంత్రం కిటికీ తెరిచాక ఎండుమిరపకాయలూ ఉప్పూ తిప్పి నిప్పుల్లో వేసింది. మా వైపు మిరపకాయలకేం కరువు లేదు, గుప్పెడు వేసింది. ఘాటు రాలేదు. ఘాటు రాకపోతే దిష్టి గట్టిగా తగిలినట్టు లెక్క. "చూశావంట్రా, ఎవరి కళ్ళో పడ్డయ్యి నా మనవరాలి మీద" అని అమ్మ కళ్ళు ఒత్తుకుంది. ఘాటు ఎందుకు రాలేదో వంటింట్లోకి వెళ్ళి దగ్గుతో చచ్చినంత పనైన నాకు తెలిసింది. కిటికీలోంచి కొట్టే గాలి పొగనంతా వెనక్కి తోసేసింది.

దగ్గుతూనే ముందుగదిలోకి వచ్చి కిటికీ దగ్గర నిలబడ్డాను. ముఖం మీద కొట్టింది. అది నాకు కొత్త గాలి కాదు. పదేళ్ళుగా రోజూ ఎరిగిన గాలే. సంచీలోంచి ఉష్ణోగ్రత చూసే మీటరు తీశాను. దానికో వైరు, వైరు చివర చిన్న గోళీ. ఆ గోళీని ఇన్నాళ్ళూ ఏసీ ముందు పట్టి, "చూడండి సార్, పదహారు" అని కస్టమర్లకి చూపించి శభాష్ అనిపించుకునేవాణ్ణి. అవతలి పక్క ఒక్కసారి కూడా పట్టి చూడలేదు. కిటికీ ఊచకి దాన్ని వేలాడదీశాను. అంకెలు ఎక్కుతూ ఎక్కుతూ నలభై తొమ్మిది దగ్గర ఆగాయి. కిటికీకి జానెడు దూరంలో ఉయ్యాల.

అప్పుడు నాకు కలిగిన సిగ్గు ఇంతా అంతా కాదు. పసిగుడ్డు ఒంట్లో కాగుతున్నది ఎండ కాదు, నేను బిగించిన ఆరు పెట్టెల గాలి. ఎవరు తీసిన గోతిలో వాళ్ళే పడతారంటారు. నా గోతిలో నేను పడినా బాగుండును, నా మేనకోడలు పడింది.

ఆటోలో పిల్లల డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాం. అమ్మ తాను పాటించిన జాగ్రత్తలన్నీ గొప్పగా ఏకరువు పెట్టింది. ఆయన అంతా విని, "జబ్బేం లేదమ్మా. ఒంట్లో నీరు తగ్గింది. నువ్వు బాలింతని కాపాడతన్నాననుకుని బిడ్డని ఉడకేత్తన్నావు" అన్నాడు. అమ్మని అలా అనగలిగిన మగవాణ్ణి నేను జన్మలో చూడలేదు. రెండు రోజులు సెలైను పెట్టి ఉంచుకుంటానన్నాడు. తర్వాత నా వైపు తిరిగి, "ఎల్లుండి పంపిత్తా. అదే గదిలోకి తీసుకుపోతే మాత్రం మళ్ళీ నా దగ్గరికి తీసుకురాబాకండి. ప్రతిసారీ ఇంత టైం ఉండదు" అన్నాడు.

బయటికి వచ్చి వరండా బెంచీ మీద కూలబడ్డాను. పిల్లల్ని ఎత్తుకుని నలుగురు తల్లులు వరసలో ఉన్నారు. వీపు మీద ఏదో వేడిగా కొడుతోంది. తలెత్తి చూస్తే ఆసుపత్రి అవుట్‌డోర్. స్టాండుకి నేను ఎప్పుడూ వేసే పచ్చ రంగు చూసి గుర్తుపట్టాను. అదీ నా చేతి పనే. లేచి ఇంకో బెంచీ మీదికి మారాను. అక్కడా ఇంకోటి కొడుతోంది.

రెండు రోజుల గడువు. వెనక గదిలో వంట పొయ్యి, రేకు తలకి తగులుతుంది, అక్కడ కుదరదు. ఈపూరు పంపేద్దామంటే నలభై రోజులు కాకుండా ఊరు దాటితే అమ్మ నన్ను బతకనివ్వదు. డాక్టరు తిట్టాక ఫ్యాను స్విచ్చి మీద ప్లాస్టరు మాత్రం తనే పీకేసింది. కానీ ఆ గాల్లో ఫ్యాను వేస్తే మంటకి విసనకర్ర పట్టినట్టే.

ఎదురింటికి వెళ్ళాను. "బాబాయ్, ఆ ఆరూ తీసి పైకి మార్చేత్తాను. కూలీ కూడా వద్దు" అని మొత్తం చెప్పాను. ఆయన చెడ్డవాడు కాదు. పాప సంగతి విని నిజంగానే బాధపడ్డాడు, బత్తాయిలు పంపిస్తానన్నాడు. అవుట్‌డోర్లు మార్చడానికి మాత్రం ససేమిరా అన్నాడు.

"ఒరేయ్ అబ్బాయ్, ఆగ్నేయంలో పెట్టిన కాణ్ణుంచి నాకు అంతా కలిసొచ్చింది. ఇప్పుడు కదిలిత్తే ఇంట్లో ఆడోళ్ళకి మంచిది కాదంట. నీ చెల్లెలు సల్లగుండాలని నా కోడలికి జొరం తెచ్చుకోమంటావా? ఓ పని చెయ్యి. మా పాత ఏసీ ఒకటి షెడ్డులో పడి ఉంది. తీసుకుపోయి మీ గదికి పెట్టుకో. ఊరికే ఇత్తన్నా."

చేతికి అందిన దారి. అబద్ధం ఎందుకు, ఒప్పేసుకున్నాను. ఇంటికొచ్చి లోపలి గోడకి సుద్దముక్కతో గుర్తు కూడా పెట్టాను. దాని అవుట్‌డోర్ మా వెనక గోడకే పెట్టాలి, వేరే చోటు లేదు. వెనక్కి వెళ్ళి అక్కడా గుర్తు పెట్టి, అప్పుడు పక్కకి చూశాను. మా గోడకీ వెనకింటి గోడకీ మధ్య ఉన్న సందులో వాళ్ళ ముసలమ్మ నవారు మంచం వేసుకుని పడుకుని ఉంది. నన్ను చూసి, "పాపకి ఎట్టా ఉంది నాయనా? నిన్న మొక్కుకున్నా" అంది. ఆవిడ ముఖానికి రెండు మూరల దూరంలో నేను గుర్తు పెట్టిన చోటు.

నేను బిగిస్తే ఆవిడ ఉడుకుతుంది. ఆవిడ ఉడికితే వాళ్ళవాళ్ళు నా దగ్గరికే వచ్చి ఇంకో ఏసీ అడుగుతారు. అది ఆ వెనక వాళ్ళ మీద ఊదుతుంది. ఆ వెనకవాళ్ళూ నా దగ్గరికే వస్తారు. ఇలా ఒకరి వీపు ఒకరం కాల్చుకుంటూ వినుకొండ రోడ్డు దాకా పోవచ్చు, అందరికీ బిగించేది నేనే, అందరూ మళ్ళీ తిట్టేది ఎండనే. పదేళ్ళుగా నేను చేస్తున్న వ్యాపారం ఇదేనని ఆ సందులో నిలబడితేగానీ నా బుర్రకెక్కలేదు. సుద్దముక్క గుర్తు చేత్తో తుడిచేశాను.

మర్నాడు పొద్దున్నే సిద్ధాంతిగారింటికి వెళ్ళాను. ఆయన బనీనుతో కూర్చుని చెమటలు కక్కుతున్నాడు. "రారా, దేవుడిలా వచ్చావు. మా ఏసీ సల్లబడట్లేదు, గ్యాస్ అయిపోయినట్టుంది" అన్నాడు. మూత తీసి చూస్తే గ్యాసు అయిపోవడమూ లేదు గాడిద గుడ్డూ లేదు. ఫిల్టరు మీద దుమ్ము దుప్పటిలా పట్టి ఉంది. బక్కెట్లో వేసి కడుగుతూ మెల్లిగా కదిపాను.

"అయ్యా, ఆగ్నేయం అంటే నేల మీదేనా, డాబా మీద కూడా ఆగ్నేయం ఉంటదా?"

"పిచ్చోడా, దిక్కులు ఎక్కడైనా దిక్కులే. డాబా మీదా ఉంటది, ఆ పైన ఆకాశంలోనూ ఉంటది."

"అగ్ని కిందికి పోయేదా, పైకి పోయేదా?"

"పైకే. అగ్ని ఎప్పుడూ ఊర్ధ్వముఖం."

"అట్టయితే అగ్నిని గోడ నడుమ యాలాడదీయటం కన్నా డాబా మీద ఆగ్నేయం మూలలో కూచోబెట్టటం గొప్ప గదా?"

ఆయన నా వంక ఓరగా చూశాడు. వచ్చింది ఎందుకో తెలిసిపోయింది. పాప సంగతి చెప్పాను. కాసేపు గడ్డం గోక్కున్నాడు. తనకీ మనవలున్నారు. ఫిల్టరు బిగించి స్విచ్చి వేశాను, చల్లగాలి ఆయన బట్టతల మీదికి దిగింది. కళ్ళు మూసుకుని, "శ్రేష్ఠం" అన్నాడు. గాలినో, నా శాస్త్రాన్నో నాకు తెలియలేదు. ఆ ఊపులోనే ఫోను చేతికిచ్చాను. ఆయన వ్యాపారికి చెప్పాడు, గొంతు పెంచి, నడుమ రెండు సంస్కృతం ముక్కలు కలిపి. బాబాయ్ సరేనన్నాడు. శాస్త్రం ఏమీ మారలేదు, ఎత్తు ఒక్కటే మారింది.

వచ్చేటప్పుడు ఆయన అవుట్‌డోర్ ఎటుందో చూశాను. ఈశాన్యం మూల ఉంది. "ఇదేందండీ?" అన్నాను.

"అద్దె ఇల్లయ్యా" అన్నాడు.

చెల్లెలి మొగుడిది ఈపూరులో వెల్డింగు పని. కబురు చేస్తే మిషను వేసుకుని వచ్చాడు. డాబా మీద స్టాండ్లు వెల్డింగు చేసి, ఆరింటినీ తాళ్ళతో పైకి లాగాలి. ఆ పనికి పట్టపగలు, మే నెల. తల మీద తడిగుడ్డ వేసుకుంటే పది నిమిషాల్లో అప్పడం అయిపోతోంది.

ఇక్కడ మా వృత్తి రహస్యం ఒకటి బయటపెట్టాలి. యూనిట్ కదిలించేటప్పుడు అందులోని గ్యాస్‌ని పెట్టెలోకి లాగి బంధించాలి. దానికి ఓపిక కావాలి. మేమేం చేస్తామంటే నట్టు వదులు చేస్తాం. బుస్సుమని పోతుంది. వాసన ఉండదు, కంటికి కనపడదు, ఎవరూ అడగరు. ఆ గ్యాస్ పైన చేరి, భూమి వేడి బయటికి పోకుండా అడ్డం పడుతుందని, పొగ కన్నా అదే ఎన్నో రెట్లు ఎక్కువని చదువుకున్న కస్టమర్లు ఇద్దరు ముగ్గురు చెప్పారు. "ఆకాశం చానా పెద్దది సార్" అనేవాణ్ణి.

"వదిలెయ్ బావా, ఎవరు చూత్తారు? రెండు గంటలు కలిసొత్తది" అన్నాడు చెల్లెలి మొగుడు, చెమట తుడుచుకుంటూ. నాకూ చెయ్యి నట్టు మీదికే పోయింది. అలవాటు అట్లాంటిది. కానీ ఆ పూట ఎందుకో వదలబుద్ధి కాలేదు. అయిదింటిలో గ్యాస్‌ని ఓపిగ్గా లాగి బంధించాను, పదేళ్ళలో అన్ని వరసగా చేసింది అప్పుడే. ఆరోదాని వాల్వు పట్టేసింది. తిప్పాను, కొట్టాను, బూతులు తిట్టాను. కదలలేదు. సాయంత్రానికి పాప వచ్చేస్తుంది. నట్టు వదులు చేశాను. బుస్సుమంది. అయిదు చేసినవాణ్ణి ఆరోది చేయలేకపోయానని నాకు ఇప్పటికీ కోపం, వాల్వు మీద కాదు.

సాయంత్రం ఆరింటికి ఎదురింట్లో ఏసీలు ఒక్కొక్కటే మొదలయ్యాయి. చప్పుడు పైనుంచి వస్తోంది. అమ్మ కిటికీ తెరిచింది. వచ్చింది ఉత్త ఎండాకాలపు గాలి. వేడిదే, కానీ మన ఊరి గాలి, మనిషి ఓర్చుకోగల గాలి. ఫ్యాను తిరుగుతోంది. అమ్మ చెల్లెలి చెవుల్లో దూది మాత్రం తీయనివ్వలేదు. పాప కాళ్ళు తన్నింది, వెతుక్కుంది, పాలు పట్టుకుంది. గుటక చప్పుడు వినిపించింది. అమ్మ కొంగుతో కళ్ళు తుడుచుకుని దేవుడికి దణ్ణం పెట్టింది. నా పేరు కూడా ఎక్కడైనా వస్తుందేమోనని చూశాను, రాలేదు. అయినా నా ఛాతీ జానెడు పొంగింది.

"అన్నా, ఆ వేడంతా ఇప్పుడు యాడికి పోతంది?" అంది చెల్లెలు.

"పైకి."

"పైకంటే?"

"పైకంటే పైకే. ఆకాశంలోకి."

తను పాప నెత్తి మీద వెంట్రుకలు వేలితో సర్దింది. వెటకారం కాదు, మెకానిక్‌ని అడిగినట్టే అడిగింది. "ఇయ్యాలంటే కిటికీ ముందునుంచి తీసి పైకి మార్చావు. ఇది పెద్దదయ్యేసరికి ఆణ్ణుంచి యాడికి మారుత్తావన్నా?"

అంతలో ఫోను మోగితే బతికిపోయాననుకుని ఎత్తాను. రొంపిచర్ల నుంచి ఎవరో రైతు. కొత్త ఏసీ కొన్నాడట, రేపే వచ్చి బిగించాలట. వస్తానన్నాను. రానని ఎలా అంటాను, నా పొయ్యి వెలిగేది దాంతోనే. అయితే ఎన్నడూ అడగని మాట ఒకటి నా నోట వచ్చింది.

"మీ ఎదురుగా ఎవరుంటారండీ?"

"ఎదురుగానా? ఎవరూ ఉండరయ్యా. అన్నీ చేలే. నీకెందుకు?"

"హమ్మయ్య, అయితే ఏం పర్లేదండీ" అన్నాను.

ఫోను పెట్టేసి తలెత్తేసరికి చెల్లెలు నా వంకే చూస్తోంది. పాప పాలు తాగుతూనే ఉంది.